గాలి లేని ప్యాకెట్లు

నా బావమరిది నాకు చెప్పవలసిన మాట ఒకటి చెప్పలేదు. అది ద్రోహం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, మధ్యవర్తులు అక్కర్లేదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడతాను.

నేను ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. తర్వాత కాఫీ పొడి కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. అందులో ఇరవై ఆరేళ్లు నా పని ప్యాకెట్ల సీళ్లు చూడటం. ప్యాకెట్టు తీసి వెలుగుకు పట్టేవాడిని. రెండు బొటనవేళ్లతో నొక్కేవాడిని. బాగుంటే కుడి పెట్టెలోకి, లేకపోతే ఎడమ పెట్టెలోకి. ఎడమ పెట్టెలో పడినవి తిరుగు బల్లకు వెళ్లేవి. అక్కడ నలుగురు కూర్చుని చెడిన సీలు విప్పి, వేడి పట్టీ మీద మళ్లీ సీలు వేసేవారు.

తిరుగు బల్లకు ఒక పద్ధతి ఉంది. సీలు వేసే ముందు బొటనవేలితో ప్యాకెట్టును ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క తోపు తోయాలి. లోపలి గాలి మొత్తం పోవాలి. గాలి మిగిలితే కాఫీ వాసన చస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి నెల నేర్పేది అదొక్కటే. నెల తిరిగేసరికి ఆలోచన లేకుండానే చెయ్యి తోస్తుంది. ఇంట్లో పంచదార పొట్లం కట్టినా తోస్తుంది.

నా భార్య ఆ బల్ల మీద పనిచేసేది. ఎడమచేతి వాటం. వరసగా మూడు రోజులు ఆమె ప్యాకెట్లు నేను వెనక్కి పంపాను. నాలుగో రోజు లేచి వచ్చి నా ముందు నిలబడింది. “మీరు ప్యాకెట్లనేనా, మనుషుల్ని కూడా ఇలాగే వెలుగుకు పట్టి చూస్తారా?” అని అడిగింది. రెండూ చూస్తానన్నాను. ఆ ఏడాదే పెళ్లి చేసుకున్నాం.

కొన్నేళ్లకు ఆమె తన తమ్ముడిని అదే బల్ల మీద పనికి పెట్టించింది. వాడు అక్క పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. వాడిది కుడిచేతి వాటం. నోరు ఎక్కువ, నవ్వు ఇంకా ఎక్కువ. రెండేళ్లు చేశాడు. ఒకరోజు వాడి సంచిలో ఆరు కాఫీ ప్యాకెట్లు కనిపించాయి. సీలు కుదరక పారేసేవే కదా బావా అన్నాడు. పారేసేవైనా కర్మాగారానివే. నేను కాగితం రాసి మేనేజరుకు ఇచ్చాను. సాయంత్రానికల్లా వాడి ఉద్యోగం పోయింది.

ఆ కాగితం వెనక్కి తీసుకోమని నా భార్య అడిగింది. కుదరదన్నాను. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందుకు మనసులో మెచ్చుకున్నాను కూడా.

అది జరిగి తొమ్మిదేళ్లు. ఆమె పోయి మూడేళ్లు. పోయేముందు రెండేళ్లు మంచం మీద ఉంది. నేను షిఫ్టుకు వెళ్లేవాడిని, తమ్ముడు వచ్చి కూర్చునేవాడు. ఆమె పోయిన నెలకే నేను పని మానేశాను.

ఉద్యోగం పోయాక బావమరిది బొమ్మ కార్డుల వ్యాపారంలో దిగాడు. వాటి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. చిన్న రేకు కాగితం ప్యాకెట్టు. లోపల పది కార్డులు, వాటి మీద మృగాలో వీరులో ఆటగాళ్లో. తొమ్మిది మామూలువి. పదోది మెరిసే కార్డు కావచ్చు, కాకపోవచ్చు. కొనేవాడు ఆ ‘కావచ్చు’ కోసమే కొంటాడు. మెరిసే కార్డుల్లో అరుదైనది దొరికితే దాన్ని అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు. కొందరు ప్యాకెట్టు చింపకుండానే ఏళ్ల తరబడి దాచుకుంటారు. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా. నాకు నవ్వు రాదు. వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం.

అయితే ‘కావచ్చు’ అమ్మే చోట దొంగ తప్పకుండా ఉంటాడు. ప్యాకెట్టు జాగ్రత్తగా విప్పుతాడు, మంచి కార్డు తీసుకుంటాడు, పనికిరానిది పెడతాడు, మళ్లీ అంటిస్తాడు.

రెండేళ్ల కిందట బావమరిది మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, “ఎంతకాలం గోడలతో తగువు పడతావు బావా? అవి తిరిగి ఒక్క మాటా అనవు. నాతో రా, కనీసం ప్యాకెట్లను తిట్టుకుందువు గాని” అన్నాడు. తాను సరుకు వేసే కార్డుల కొట్టుకు తీసుకుపోయాడు. మంగలి షాపుకూ చెప్పులు కుట్టేవాడికీ మధ్య ఇరుకు గది. గాజు బల్ల, దాని మీద చిన్న కాటా, పైన ట్యూబు లైటు. నడిపేది ఒక అమ్మాయి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుకుతుంది. తండ్రి నుంచి కొట్టు వచ్చింది, అప్పులు రాలేదు, అదృష్టవంతురాలు. నకిలీ ప్యాకెట్లు ఎక్కువయ్యాయని, పనిమంతుడు ఎవరైనా ఉంటే బాగుండునని ఆమె అంటే, మా బావకు మించినవాడు లేడని వీడు చెప్పాడట.

వాడు నాకు మేలు ఎందుకు చేస్తున్నాడో చాలా రోజులు వెతికాను. కారణం దొరకలేదు. దొరకనందుకు అనుమానం పెరిగింది. అయినా రోజూ వెళ్లాను.

మొదటి వారం నేను ఏమీ తేల్చలేదు. అసలు ప్యాకెట్లు రకానికి ఐదు తెప్పించి, కోసి చూశాను. అసలుది తెలియకుండా నకిలీని పట్టలేం. ఆ తర్వాత సులువైంది. పైనా కిందా సీలులో పళ్లలాంటి గీతలుంటాయి. అసలు దాంట్లో గీతలు నిటారుగా, ఒకే లోతులో ఉంటాయి. మళ్లీ నొక్కిన దాంట్లో గీతలు చదునవుతాయి, లేదా జంటగా కనిపిస్తాయి. వెనక అతుకు మీద గోరు నడిపితే జిగురు ఎక్కడుందో గోరే చెబుతుంది. ఏటవాలుగా వెలుగు పడితే జిగురు తళుక్కుమంటుంది. ప్యాకెట్టు పొడవు పక్కదానికన్నా పిసరంత తగ్గిందంటే అంచు ఎవరో కత్తిరించినట్టే. పెట్టె పైన బిగించిన ప్లాస్టిక్ కొత్తగా మెరుస్తూ, లోపలి పెట్టె మూలలు నలిగి ఉంటే ఆ పెట్టె ముట్టుకోకూడదు. బుట్టలో పోసి ఏరుకోమనే చోట అసలు కొనకూడదు. మెరిసే కార్డు కాస్త బరువు. వాళ్లు ముందే కాటా మీద పెట్టి బరువైనవి ఏరేసి ఉంటారు. సీలు చెక్కు చెదరదు, లోపల ఏమీ ఉండదు. వీటన్నిటికన్నా ముందు అమ్మేవాడి చేతులు చూడాలి. నేను ప్యాకెట్టు వెలుగుకు పట్టగానే చాలామంది చేతులు జేబులోకి పోతాయి.

కొట్టుకు వచ్చేవాళ్లు నాకు ఎక్స్‌రే బాబాయి అని పేరు పెట్టారు. ఒకడు తన పెళ్లి సంబంధం ఫోటో తెచ్చి, ఇది కూడా ఒకసారి చూసి పెట్టండి బాబాయి, మళ్లీ అంటించింది కాదు కదా అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఫోటో తిప్పి వెనక కూడా చూసి ఇచ్చాను.

ఇలా రెండేళ్లు గడిచాయి. ఒక శనివారం పళ్ల డాక్టరు ఒకాయన పెట్టె పట్టుకొచ్చాడు. ముప్పై ఆరు ప్యాకెట్లు. ఆ రకం ముద్రణ ఆగిపోయి చాలాకాలమైంది, కనుక గిరాకీ ఎక్కువ. నాలుగేళ్ల కింద కొన్నానన్నాడు. పళ్లు పీకడానికి లేని జంకు ఈ ప్యాకెట్లు చింపడానికి వచ్చిందని, ఒక్కటి కూడా చింపలేదని, ఇప్పుడు ఇల్లు మారుతున్నాను కనుక అమ్మేస్తానని చెప్పాడు. పెట్టె అడుగున పెన్సిల్ గుర్తు ఉంది. సున్నా లోపల టిక్కు. అది నా బావమరిది గుర్తు. అమ్మిన ప్రతి పెట్టె మీదా వాడు అది పెడతాడు.

నేను చూడటం మొదలుపెట్టాను. గీతలు బాగున్నాయి. అతుకులో జిగురు లేదు. పొడవు సరిపోయింది. పదకొండు ప్యాకెట్లు కుడివైపు పెట్టాను. పన్నెండోది పెడుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. కారణం ప్యాకెట్టులో లేదు, దొంతరలో ఉంది.

ఈ కార్డుల ప్యాకెట్లు ఆరు పేరిస్తే ఏడోది జారిపోతుంది. మిషను సీలు వేసేటప్పుడు ప్రతిదాంట్లో కాస్త గాలి మిగులుతుంది. చిన్న దిండులా ఉబ్బి ఉంటుంది. ఇవి మాత్రం పదకొండూ ఇటుకల్లా కదలకుండా నిలబడ్డాయి.

ఒకటి తీసి నొక్కాను. గాలి లేదు. ఇంకొకటి. లేదు. ముప్పై ఆరింటిలో ఒక్కదాంట్లో కూడా లేదు. ప్రతి దాని మీదా వెంట్రుకంత సన్నగా ఒక మడత, ఈ చివర నుంచి ఆ చివరకు. బొటనవేలి తోపు.

కార్డులకు గాలి తగిలితే వచ్చే నష్టమేమీ లేదు. గడుసు దొంగ అయితే గాలి వదిలేసేవాడు. ఇంత శుభ్రంగా గీత మీద గీత కూర్చోబెట్టి, చివరకు అక్కర్లేని గాలి పిండేసే తప్పు చేసేది మా తిరుగు బల్ల మీద కూర్చున్నవాళ్లు తప్ప ఇంకెవరూ కారు. వాళ్లలో కార్డుల వ్యాపారం చేసేవాడు ఒక్కడే.

నాకు సంతోషం కలిగింది. దాచను. తొమ్మిదేళ్ల కింద నేను రాసిన కాగితం సరైనదేనని ఇన్నాళ్లకు ముప్పై ఆరు ప్యాకెట్లు సంతకం చేశాయి.

డాక్టరును మర్నాడు రమ్మన్నాం. ఆయన వెళ్లాక నేను కొట్టమ్మాయితో ఇవి తెరిచి మూసినవని, ఎవరి చెయ్యో కూడా చెప్పగలనని అన్నాను. ఆమె పెట్టె అడుగున గుర్తు చూసింది. ముఖం మారింది.

“ఆయనే కదా మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది” అంది.

“తెచ్చినంత మాత్రాన సీలు మారదమ్మా.”

“బాబాయిగారూ, ఆయన దగ్గర నేను సరుకు మానేస్తే, ఆయన సరుకు వేసే మిగతా రెండు కొట్లవాళ్లూ ఎందుకని అడుగుతారు. నేను అబద్ధం చెప్పలేను. ఆయన వ్యాపారం ఇక లేనట్టే. ఇంకోసారి చూసి రేపు చెప్పండి.”

ఇంకోసారి చూడటానికి ఏమీ లేదని తెలిసినా ఒక ప్యాకెట్టు ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున వంటింటి కిటికీ దగ్గర నిలబడి దాన్ని ఎండకు పట్టాను. బావమరిది ముందు ఏం అనాలో, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో అనుకుంటూ, ఊరికే నా కుడి బొటనవేలు ఆ మడత మీద పెట్టాను.

కుదరలేదు.

తోపు మొదలైన చోట మడత లోతుగా ఉంటుంది, పోను పోను తేలిపోతుంది. కుడిచేతి వాటమైతే లోతు ఎడమ చివర ఉండాలి. ఇక్కడ కుడి చివర ఉంది. ప్యాకెట్టు తిరగేశాను. అప్పుడు పైన ఉండాల్సిన సీలు కిందికి పోయింది. ఎలా తిప్పినా కుదరలేదు. ఎడమ బొటనవేలు పెట్టాను. ఒరలో కత్తిలా సరిపోయింది.

పొయ్యి మీద నీళ్లు మరిగి ఇగిరిపోయాయి.

తర్వాత లోపలికి వెళ్లి ఆమె కుట్టుపని డబ్బా తీశాను. మూడేళ్లుగా తీయలేదు. అందులో గుండీల ప్యాకెట్లు ఉన్నాయి. చిన్న ప్లాస్టిక్ కవర్లలో నాలుగేసి గుండీలు వేసి సీలు వేసింది. మంచం పట్టిన మొదటి ఏడాది చిన్న ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టమంది. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతోంది, గుండీలన్నా సర్దుకుంటానంది. మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చేసరికి గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన ఉండేది. గుండీలే అనుకున్నాను. ఇరవై ఆరేళ్లు సీళ్లు చూసినవాడిని, గుండీలే అనుకున్నాను. రోజూ ఆ వాసన వచ్చేది. మా ఇద్దరి బట్టలకూ కలిపి అన్ని గుండీలు లేవు.

గుండీల కవరు, కార్డుల ప్యాకెట్టు పక్కపక్కన పెట్టాను. ఒకటే మడత. ఒకటే వాలు. సీలు చివర కుడి మూలలో కనీ కనపడని చిన్న ఎగదోపు. అది ఆమె మణికట్టు. మొదట్లో మూడు రోజులు నేను వెనక్కి పంపింది ఆ ఎగదోపు కోసమే.

డబ్బా మూసి, చొక్కా వేసుకుని కొట్టుకు వెళ్లాను.

డాక్టరు ముందే వచ్చి కూర్చున్నాడు. బావమరిది సరుకు సంచితో వచ్చి, మా ముఖాలు చూసి, “ఏమిటి, ఎక్స్‌రే నా మీద పడిందా?” అని నవ్వాడు. కొట్టమ్మాయి పెట్టె చూపించి, ఈ సరుకు మీదేనా అని అడిగింది. గుర్తు నాదే అన్నాడు. వీటిని తెరిచి మూశారని బాబాయిగారు అంటున్నారంది. వాడు ఒక ప్యాకెట్టు తీసుకున్నాడు. ముందు కుడి బొటనవేలు మడత మీద ఆనించాడు. తర్వాత ప్యాకెట్టు చెయ్యి మార్చి ఎడమ బొటనవేలు ఆనించాడు. అక్కడ ఆగిపోయాడు.

వాడు తల ఎత్తి నన్ను చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. నాకు తెలుసని వాడికి తెలిసింది.

“చెప్పండి బాబాయిగారూ” అంది కొట్టమ్మాయి. “ఎవరి చెయ్యి?”

“ఇతనిదే” అన్నాను.

ఇందులో అబద్ధం ఎక్కడుందో ఎవరైనా చూపించమనండి. పెట్టె వాడిది, గుర్తు వాడిది, అమ్మింది వాడు, తీసిన కార్డులు అమ్ముకున్నదీ వాడు. చెయ్యి ఒక్కటి తప్ప అన్నీ వాడివే.

వాడు నోరు తెరిస్తే అయిపోయేది. అక్క పేరు ఒక్కసారి అంటే చాలు. కొట్టమ్మాయి నమ్మేది, నేను కాదనలేకపోయేవాడిని. వాడు ప్యాకెట్టు దొంతర మీద పెట్టి, అంచులు సరిచేశాడు.

“బావ కంటికి తిరుగు లేదమ్మా” అన్నాడు. “డాక్టరుగారి డబ్బు నేను ఇచ్చేస్తాను.”

సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. చెప్పులు కుట్టేవాడి దగ్గర వాడిని ఆపాను. ఆ మనిషి నోట్లో దారం పెట్టుకుని మమ్మల్ని చూస్తున్నాడు.

“ఎప్పుడు చూశావు బావా? నిన్నా, ఇవాళా?” అన్నాడు వాడు.

“ఇవాళ పొద్దున.”

“అయినా నా పేరే చెప్పావు.”

“చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ పని నువ్వు అడిగావా, తనే చేస్తానందా?”

నాకు కావలసింది ఆ ఒక్క మాట. వీడు అడిగి ఉంటే, ఆమె తమ్ముడి మీద జాలితో ఒప్పుకుంది. అది నేను మోయగలను. తనంతట తానే చేస్తానని ఉంటే, నేను రాసిన కాగితం ఆమె ఒక్కరోజు కూడా మరిచిపోలేదన్నమాట. నా ఎదురుగా పడుకుని, నేను తెచ్చిన మందు మింగుతూ, నేను షిఫ్టుకు వెళ్లగానే లేచి కూర్చుని, నేను పోగొట్టినదాన్ని తమ్ముడికి ఒక్కొక్క ప్యాకెట్టుగా తిరిగి ఇచ్చిందన్నమాట. ఆ రెంటిలో ఏదో నాకు తెలియాలి.

“ఆ కాగితం రాసేముందు నువ్వు నన్ను ఒక్క మాట అడిగావా బావా?” అన్నాడు.

“అది వేరు. దీనికి జవాబు చెప్పు.”

“అది అక్కకీ నాకూ మధ్య ఉంది. అక్కడే ఉంటుంది.”

రెండోసారి అడిగాను. మూడోసారి కూడా అడిగాను. నేను ఎవరినీ ఏదీ మూడుసార్లు అడిగినవాడిని కాను. వాడు కోప్పడలేదు, నవ్వలేదు. నా చొక్కా పై గుండీ ఊడి వేలాడుతుంటే చూసి, “అది కుట్టించుకో, పడిపోతుంది” అన్నాడు. వెళ్లిపోయాడు.

నెల తిరిగేలోపు మూడు కొట్లూ వాడి దగ్గర సరుకు మానేశాయి. ఇప్పుడు వాడు లాండ్రీ వాళ్ల బండి తోలుతున్నాడని విన్నాను. వీధిలో ఎదురైతే తల ఊపుతాడు. నేను ఊపను.

కొట్టుకు రోజూ వెళ్తున్నాను. ఆ పెట్టెలోని ప్యాకెట్లు కొట్టమ్మాయి పారేయలేదు. మోసం ఎలా ఉంటుందో కొనేవాళ్లకు చూపించడానికి గాజు బల్ల కింద పెట్టింది. మొన్న ఒకటి తీసి, నేను నేర్పినట్టే వెలుగుకు పట్టి, చాలాసేపు చూసింది. బొటనవేలు ఆనించి చూసింది. “బాబాయిగారూ, ఆయన సంతకం కుడిచేత్తో కదా పెడతారు?” అంది.

ప్యాకెట్టు ఆమె చేతిలోంచి తీసుకుని దాని చోట దాన్ని పెట్టాను. అద్దం మూశాను. కళ్లజోడు నెత్తిమీద ఉందని చెప్పాను.

ఆమె మళ్లీ అడగవచ్చు. అడిగినా జవాబు ఉండదు. రేపు వాడే మా గుమ్మంలోకి వచ్చి, చెబుతాను బావా, కూర్చో అన్నా నేను కూర్చోను. చెప్పవలసిన రోజు దాటిపోయింది. ఒకసారి రాస్తానన్నాను, రాశాను. ఈ సంగతి ఇక నా నోట రాదు.